తుప్పు పట్టినదాన్ని కాదు, దాని పక్కనున్నదాన్ని చూడండి

రెండేళ్ల కిందటి మాట. మేముండేది మల్కాజిగిరిలో. డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించి అప్పటికి రెండు వానాకాలాలు అయ్యాయి. ఒకరోజు మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు పైనుంచే ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్రేము మొత్తం ఖరాబైంది. డూప్లికేట్ అల్యూమినియం ఏసిన్రు" అన్నాడు. వెళ్లి చూశాను. ఎర్తింగ్ తీగ బిగించిన చోట ఫ్రేము మీద రూపాయి బిళ్లంత మేర సున్నం పూసినట్టు తెల్లటి పొడి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొడి రాలిపోయి కింద గుంట కనబడింది. అందులో బాల్‌పెన్ను మొన చక్కగా కూర్చుంది. దాని మీద చుట్టిన రాగి తీగకు మాత్రం ఏమీ కాలేదు. కాస్త నల్లబడింది, అంతే. జానెడు అవతల చూస్తే అదే ఫ్రేము కొత్తదానిలా మెరుస్తోంది.

జానెడు అవతల బాగున్న అల్యూమినియం ఇక్కడ మాత్రం డూప్లికేట్ ఎలా అవుతుంది? దెబ్బలు తిన్నవాడి మీదే కేసు పెట్టినట్టుంది ఇది. ఫ్రేమును తినేసింది దాని పక్కన కూర్చున్న రాగి. దీన్నే గాల్వానిక్ తుప్పు అంటారు. ఇన్వర్టర్ బ్యాటరీ, సీసీ కెమెరా కనెక్టర్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, యాంప్లిఫయర్ లోపలి ఎర్త్ స్క్రూ, ఎక్కడైనా కథ ఇదే. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా శుభ్రం చేయాలో, మళ్లీ రాకుండా జాయింటు ఎలా వేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు వంటింట్లో ఒకసారి చూడండి

స్టీలు గిన్నెలో పులిహోర పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి రాత్రంతా వదిలేస్తే, అన్నం తగిలిన చోట ఫాయిల్‌కు సన్నటి చిల్లులు పడటం చాలామంది చూసే ఉంటారు. చింతపండు పులుపు ఒక్కటే కారణం అనుకుంటాం. అదే పులిహోరను పింగాణీ గిన్నెలో పెట్టి కప్పితే చిల్లులు బాగా తగ్గుతాయి. స్టీలుకు, అల్యూమినియానికి మధ్య ఉప్పూ పులుపూ ఉన్న తడి చేరింది. గిన్నె అంచు దగ్గర రెండు లోహాలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అంటే అక్కడ మీకు తెలియకుండానే ఒక బ్యాటరీ తయారైంది. అందులో అరిగిపోయేది అల్యూమినియం. 1800లో వోల్టా జింకు బిళ్లలు, రాగి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన గుడ్డ ముక్కలు పెట్టి కరెంటు పుట్టించిన పద్ధతి కూడా ఇదే.

మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని. టిష్యూ కాగితాన్ని ఉప్పునీళ్లలో ముంచి ప్లేటులో పరవండి. ఒక పక్క రాగి తీగ, ఇంకో పక్క ఫాయిల్ ముక్క ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. మీటరును డీసీ 2 వోల్టుల మీద ఉంచి రెండింటికీ ఆనించండి. నా దగ్గర అంకె 0.5 వోల్టుల చుట్టూ తిరిగింది. ఇప్పుడు ఉప్పునీళ్ల బదులు బోరు నీళ్లతో చూడండి. అంకె పెద్దగా పడిపోదు. అంటే సముద్రపు గాలి ఉంటేనే ఇలా జరుగుతుందని ధైర్యంగా కూర్చోవడానికి లేదు. వోల్టేజీ పుట్టడానికి ఏ తడైనా చాలు. ఆ తడిలో లవణాలు ఎన్ని ఉంటే కరెంటు అంత సులువుగా పారుతుంది, అరుగుదల అంత వేగంగా సాగుతుంది.

దీనికి మూడు కావాలి. రెండు వేర్వేరు లోహాలు, అవి ఒకదానికొకటి తగలడం, రెండింటినీ కలిపి తడిపే నీళ్లు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా బ్యాటరీ ఆగిపోతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్కటి ఎలా తీసేయాలన్న దాని గురించే.

మొదటి పని: ఏది ఏ లోహమో తేల్చుకోండి

రంగు చూసి మోసపోకండి. పసుపుపచ్చగా మెరిసే స్క్రూలు చాలావరకు ఇత్తడివి కావు. జింకు పూత మీద పసుపు రంగు పట్టించిన ఇనుప స్క్రూలు అవి. అయస్కాంతం పెడితే పట్టేస్తుంది, గుట్టు బయటపడుతుంది. స్టెయిన్‌లెస్‌లో బాగా దొరికే 304 రకం అయస్కాంతానికి దాదాపు అంటదు. బోల్టుగా మలిచేటప్పుడు సాగదీస్తారు కాబట్టి కొన్ని కొద్దిగా అంటుకుంటాయి. అల్యూమినియం తేలిక, అయస్కాంతం పట్టదు, కత్తి మొనతో సులువుగా గీత పడేంత మెత్తగా ఉంటుంది. పూత ఉన్నట్టు అనుమానం వస్తే కనబడని మూలలో బ్లేడుతో చిన్న గీత గీసి చూడండి.

సీసీ కెమెరాలు, ల్యాన్ వైర్లు వేయించుకునేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. తక్కువ ధరకు దొరికే కేబుళ్లలో చాలావాటికి తీగ పైకి రాగిలా కనబడుతుంది, లోపల అల్యూమినియం. తీగ కొసను కత్తిరించి, ఆ కోసిన ముఖాన్ని ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. మధ్యలో వెండి రంగు చుక్క, చుట్టూ ఎర్రటి గీత ఉంటే అది రాగి తొడుగు వేసుకున్న అల్యూమినియం. ఇందులో రెండు లోహాలూ పుట్టుకతోనే అంటుకుని ఉన్నాయి. కావాల్సింది ఒక్క నీటి చుక్క. బయట పెట్టిన కెమెరా కనెక్టర్‌లోకి వాన నీరు చేరితే లోపలి అల్యూమినియం పొడిగా మారి, పైన రాగి గొట్టం మాత్రం బోలుగా మిగులుతుంది. చూడటానికి తీగ బాగానే ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. డాబా మీదికి, గేటు దగ్గరికి లాగే కేబుల్ అచ్చం రాగిదే కొనండి. ఇంటి లోపల ఏది వేసినా మీ ఇష్టం.

రెండో పని: ఆ రెండింటి మధ్య ఎడం ఎంతో చూడండి

లోహాలను ఒక వరుసలో నిలబెడితే, ఒక కొసన బంగారంలా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవి, ఇంకో కొసన త్వరగా అరిగిపోయేవి ఉంటాయి. బంగారాన్ని సున్నాగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో వోల్టుల్లో చెబుతారు. వెండి 0.15, నికెల్ 0.30, రాగి 0.35, ఇత్తడి 0.40 నుంచి 0.45, స్టెయిన్‌లెస్ స్టీల్ 0.50, తగరం 0.65, సీసం 0.70, మామూలు ఇనుము 0.85, ఫ్రేములకు వాడే అల్యూమినియం 0.90, జీఐ ఇనుము మీది జింకు పూత 1.20, మెగ్నీషియం 1.75. పుస్తకాల్లో వీటికి ముందు మైనస్ గుర్తు ఉంటుంది. పట్టికకూ పట్టికకూ అంకెలు అటూఇటూ అవుతాయి. మనకు కావాల్సింది తేడా మాత్రమే.

పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీసేయండి. పెద్ద అంకె ఉన్నదే తినబడుతుంది. అల్యూమినియం, రాగి: 0.55. మా ఫ్రేము జాతకం అదే. అల్యూమినియం, స్టెయిన్‌లెస్: 0.40. అల్యూమినియం, తగరం: 0.25. రాగి, ఇత్తడి: 0.10 లోపే. అందుకే రాగి తీగను ఇత్తడి టెర్మినల్‌లో బిగిస్తే ఏళ్ల తరబడి గొడవ ఉండదు.

ఎంత తేడా వరకు పర్వాలేదు? ఏసీ గదిలో పొడిగా ఉండే పరికరాలకు 0.50 వరకు, మామూలు గోదాం లాంటి చోట 0.25 వరకు, తడి, ఉప్పు తగిలే బయటి చోట 0.15 వరకు ఒప్పుకోవచ్చని డిజైన్ చేసేవాళ్లు లెక్కపెట్టుకుంటారు. హైదరాబాదుకు సముద్రం ఎక్కడో ఉంది కదా అని డాబాకు కూడా 0.25 తీసుకునేవాళ్లను చూశాను. నేను ఒప్పుకోను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, మిగతా రోజుల్లో దుమ్ము, ఆ దుమ్ము మీద బోరు నీళ్లతో కడగడం. ఆరిన ప్రతిసారీ ఆ నీళ్లలోని లవణాలు జాయింటులో మిగిలిపోతాయి. డాబాకు నేను 0.15 లెక్కే పెట్టుకుంటాను.

మూడో పని: ఎవరు పెద్ద, ఎవరు చిన్న?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. లోహాలు అవే, తేడా అదే, కానీ సైజులు తారుమారైతే ఫలితం కూడా తారుమారవుతుంది. తినే లోహం పెద్దగా, తినబడే లోహం చిన్నగా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద రాగి పలకకు చిన్న జీఐ బోల్టు బిగించారనుకోండి. పలకంతా పుట్టించే కరెంటు భారం మొత్తం ఆ చిన్న బోల్టు మీదే పడుతుంది. పెద్ద అల్యూమినియం ఫ్రేముకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే, అరుగుదల ఫ్రేమంతా పంచుకుంటుంది కాబట్టి నెమ్మదిగా సాగుతుంది. సోలార్ ఫ్రేములకు స్టెయిన్‌లెస్ బోల్టులు వాడటం తప్పు కాకపోవడానికి కారణం ఇదే.

పెయింటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుప్పు పట్టే లోహానికి రంగు వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి మాత్రమే వేస్తే ముప్పు పెరుగుతుంది. రంగు మీద ఎక్కడో ఒక గీత పడకుండా ఉండదు. అప్పుడు పక్కనున్న రాగి మొత్తం ఆ గీత మీదే విరుచుకుపడి, నెలల్లో చిల్లు పొడుస్తుంది. రెండింటికీ వేయండి. ఒకదానికే వేయగలిగితే, బాగున్న లోహానికే, అంటే రాగికి లేదా స్టెయిన్‌లెస్‌కు వేయండి. మా కుర్రాడికి ఇది చెబితే "మంచిగున్న దానికి రంగెందుకన్నా?" అని నవ్వాడు. వాడి నవ్వులో తప్పేం లేదు, వినడానికి అలాగే ఉంటుంది.

నాలుగో పని: తడి ఏ దారిన వస్తోందో వెతకండి

వాన ఒక్కటే కాదు. ఏసీ పైపు మీద చెమటలా పట్టే నీళ్లు, ట్యాంకు పొంగి ఫ్రేము మీదికి జారే నీళ్లు, సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ తర్వాత మిగిలిపోయిన ఫ్లక్సు, ఆఖరికి మన వేళ్ల చెమట కూడా లెక్కలోకే వస్తాయి. ఉప్పు అంటిన వేలిముద్ర గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

నీళ్లు పారే వాలు కూడా గమనించండి. రాగి పైన, అల్యూమినియం లేదా జీఐ కింద ఉంటే, రాగిని తాకి జారే నీళ్లు కంటికి కనబడనంత రాగిని కరిగించి మోసుకొస్తాయి. అది కింది లోహం మీద అతుక్కుని, రెండూ నేరుగా తగలకపోయినా గుంటలు పొడుస్తుంది. ఏసీ ఇండోర్ కాయిల్ డ్రైన్ నీళ్లు జీఐ రేకు మీదో, అల్యూమినియం ఫ్రేము మీదో కారుతుంటే ఇవాళే ఆ పైపును పక్కకు తిప్పండి. ఖర్చు ఒక మీటరు గొట్టం.

ఐదో పని: అసలు ఇది ఆ తుప్పేనా?

తెల్లగా, పచ్చగా కనబడిందల్లా గాల్వానిక్ కాదు. రిమోట్‌లో సెల్ కారి చిలుము పడితే అది సెల్ లోపలి రసాయనం చేసిన పని. మూసీ ఒడ్డునో, నాలా పక్కనో ఉన్న ఇళ్లలో వెండి పూత కాంటాక్టులు, రాగి తీగలు నల్లబడితే అది మురుగు వాయువులోని గంధకం వల్ల.

ఇంకొకటి అచ్చం గాల్వానిక్‌లాగే ఉండి మోసం చేస్తుంది. కెమెరా కనెక్టర్‌లో అన్ని పిన్నులూ ఒకే లోహం, కానీ ప్లస్ పిన్ను మాత్రమే కరిగిపోయి మైనస్ పిన్ను బాగుంటే, అది బయటి నుంచి ఇచ్చిన 12 వోల్టులే తడిలో ఆ పిన్నును కరిగించేశాయని అర్థం. అక్కడ లోహం మార్చినా ఏమీ ఒరగదు, నీళ్లు ఆపాల్సిందే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో 48 వోల్టుల సరఫరాలో ప్లస్‌ను భూమికి కలిపి, లైను మీదికి మైనస్ పంపడం వెనక ఉన్నది ఈ జాగ్రత్తే. భూమిలో తడిసే రాగి తీగ మైనస్‌లో ఉంటే కరగదు.

లోహం మారే అతుకు దగ్గరే అరుగుదల ఉండి, దూరం జరిగేకొద్దీ తగ్గుతూ పోతే అది గాల్వానిక్. మా ఫ్రేములో చూసిన జానెడు లెక్క అదే.

ఆరో పని: విప్పండి, శుభ్రం చేయండి

విప్పే ముందు భద్రత. మెయిన్ ఆపేసినా సోలార్ ప్యానెల్ తీగల్లో ఎండ ఉన్నంతసేపు డీసీ ఉంటుంది. ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ల తీగలను విడదీసే డీసీ ఐసొలేటర్ స్విచ్చి ఆపి, పొద్దుగుంకాక పని చేయడం మేలు. లోడు నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్ లాగితే ఆర్క్ లేస్తుంది. బ్యాటరీ అయితే ముందు మైనస్ తీగ విప్పండి. ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి. పాత యాంప్లిఫయర్ లాంటివి ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో చార్జి ఉంచుకుంటాయి. సందేహంగా ఉంటే మెకానిక్‌ను పిలవండి.

ఇన్వర్టర్ బ్యాటరీ సీసపు కొమ్ము మీద పేరుకున్న పచ్చటి, తెల్లటి పొడిలో యాసిడ్ ఆవిరి ఉంటుంది. బ్యాటరీ మూతలన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకుని, గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి బ్రష్‌తో రాయండి. బుసబుస పొంగడం ఆగిందాకా రాసి, బ్యాటరీలో పోసే నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. సోడా నీళ్లు సెల్ లోపలికి పోతే బ్యాటరీ పాడవుతుంది. రిమోట్‌లో ఆల్కలైన్ సెల్ కారితే సోడా పనిచేయదు, దానికి దూదిపుల్లతో చుక్క వెనిగర్ కావాలి.

అల్యూమినియానికి మామూలు ఇనుప తీగల బ్రష్ వాడొద్దు. దాని తునకలు మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని, ఒక్కొక్కటీ కొత్త బ్యాటరీ అవుతుంది. రాగిని రుద్దిన గరుకు కాగితంతో అల్యూమినియాన్ని రుద్దడం కూడా అంతే తప్పు. నా పెట్టెలో రెండింటికీ వేర్వేరు కాగితాలు ఉంటాయి, వెనకాల మార్కర్‌తో "రా", "అ" అని రాసి పెట్టాను.

సర్క్యూట్ బోర్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. ర్యామ్ పిన్నులను గరుకు కాగితంతో రుద్దేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ఆ బంగారం పూత చాలా పల్చన. అది చెదిరితే కింద నికెల్, దాని కింద రాగి. బంగారానికి, రాగికి 0.35 తేడా, పైగా పెద్ద బంగారం మధ్య చిన్న రాగి చుక్క. మూడో పనిలో చెప్పిన ముప్పే ఇది.

ఏడో పని: జాయింటు మళ్లీ వేయండి

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. ఈ జాయింటు కరెంటు మోయాలా, లేక బరువు మోయాలా?

బరువు మాత్రమే మోసేదైతే పని సులువు. రెండు లోహాలను విడదీయండి. నైలాన్ వాషర్ ఒక్కటే వేసి ఊరుకుంటే బోల్టు ఒళ్లు రంధ్రం అంచుకు తగులుతూనే ఉంటుంది. కాబట్టి బోల్టుకు నైలాన్ బుష్ తొడిగి, అటూ ఇటూ నైలాన్ వాషర్లు వేయాలి. బిగించాక మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి, మోగకూడదు. అట్టముక్క, గుడ్డ టేపు లాంటి నీళ్లు పీల్చేవి మధ్యలో పెట్టకండి. న్యూయార్క్ లిబర్టీ విగ్రహంలో రాగి తొడుగుకు, లోపలి ఇనుప పట్టీలకు మధ్య లక్క పట్టించిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. కాలం గడిచాక అది నీళ్లు పట్టి, అడ్డుగా ఉండాల్సింది కాస్తా తడిని పట్టి ఉంచే స్పాంజీ అయింది. ఇనుము ఉబ్బి రాగి తొడుగు రివిట్లను పీకేసింది. 1986కు పూర్తయిన మరమ్మతులో స్టెయిన్‌లెస్ పట్టీలు వేసి, మధ్యలో టెఫ్లాన్ పెట్టారు.

కరెంటు మోయాల్సినదైతే, ముఖ్యంగా ఎర్తింగ్ అయితే, విడదీయడం కుదరదు. అప్పుడు మధ్యవర్తిని పెట్టాలి, తడిని బయటే ఆపాలి. మధ్యవర్తి అంటే కొత్తదేం కాదు. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేవాళ్లం గుర్తుందా? పులుసుకు, ఇత్తడికి మధ్య తగరపు పొర. తీగ కొసకు బిగించే రాగి లగ్గుకు కూడా అదే కళాయి. తగరం పూసిన లగ్గు తెల్లగా ఉంటుంది. దాన్ని అల్యూమినియం మీద పెడితే తేడా 0.55 నుంచి 0.25కు దిగుతుంది. లావు తీగలకైతే ఒక పక్క రాగి, ఇంకో పక్క అల్యూమినియం ఉన్న బైమెటాలిక్ లగ్గులు, వాషర్లు వస్తాయి. నేను రాణీగంజ్‌లో తెచ్చుకుంటాను. వాషర్‌ను తిరగేసి పెడితే మొదటికే మోసం, రాగి ముఖం రాగి వైపే ఉండాలి.

అల్యూమినియం జాయింటు ఇలా వేయండి. ప్యానెల్ ఫ్రేము మీద ఎర్త్ గుర్తు ఉన్న రంధ్రం చూసుకోండి, గుంట పడ్డ పాత చోటు వద్దు. అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణంలోనే కరెంటును అడ్డుకునే పల్చటి పొర కడుతుంది. ఫ్రేములకు ఫ్యాక్టరీలో ఇంకా మందమైన పొర ఎక్కిస్తారు. అందుకే ముందు జాయింటు పేస్టు (అల్యూమినియం జాయింట్లకు వాడే గ్రీజు లాంటిది) రాసి, ఆ పేస్టు కిందే గరుకు కాగితంతో రుద్దండి. గాలి తగలదు, పొర మళ్లీ కట్టదు. తర్వాత ఫ్రేముకు ఆనించి పళ్లున్న స్టెయిన్‌లెస్ వాషర్, దాని మీద కళాయి లగ్గు, స్ప్రింగ్ వాషర్, నట్టు. పళ్లు ఫ్రేములోకి దిగేలా బిగించండి. బలం ఉంది కదా అని తిప్పుతూ పోతే అల్యూమినియం నలిగి, తర్వాత వదులవుతుంది. వేడికి అది రాగి కంటే ఎక్కువ సాగుతుంది, మన మే నెల ఎండకు రోజూ సాగి ముడుచుకుంటూనే ఉంటుంది. వారం తర్వాత ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. బయటికి పొంగిన పేస్టును తుడవకండి, తడిని ఆపేది అదే.

బ్యాటరీ కొమ్ముకు వరుస వేరు. అక్కడ ముందు పొడిగా, శుభ్రంగా బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూయాలి.

ఎనిమిదో పని: మూసేయండి, కానీ నీళ్లకు దారి వదలండి

తీగ, లగ్గు కలిసే చోట లోపల జిగురుండి వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవు వేయండి. పెట్టెలోకి వెళ్లే ప్రతి కేబుల్‌నూ లోపలికి వెళ్లే ముందు కిందికి వంచి పైకి తీసుకెళ్లండి, నీళ్లు వంపు దగ్గరే రాలిపోతాయి. పెట్టెకు అడుగున చిన్న రంధ్రం ఉండాలి. గాలి చొరబడకుండా మూసేశామనుకున్న పెట్టెల్లోనే రాత్రి చల్లదనానికి తేమ పట్టి లోపలే మిగిలిపోతుంది.

సిలికాన్ వాడేటప్పుడు ట్యూబు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదిలే రకం. బాత్రూమ్ అద్దానికి సరే, ఎలక్ట్రానిక్స్ పెట్టెలో రాగిని తినేస్తుంది. కెమెరా కనెక్టర్‌ను భద్రం చేద్దామని ఆ సిలికాన్‌ను నిండా దట్టించి, ఆరు నెలల్లో పచ్చటి ముద్ద చేసుకున్నవాణ్ణి నేనే. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

సొంతంగా పరికరం తయారు చేసుకునేవాళ్లకు రెండు ముక్కలు. అల్యూమినియం పెట్టెకు ఎర్త్ బిందువు పెడితే రాగి కాకుండా తగరం పూత లగ్గు వాడండి. సాకెట్‌లో బంగారు పిన్నుకు బంగారం, తగరం పిన్నుకు తగరం జత చేయండి. నీళ్లతో చల్లార్చే కంప్యూటర్ కూలింగ్‌లో రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జత చేయనే చేయకండి.

తొమ్మిదో పని: కొలిచి రాసి పెట్టండి

కళ్లకు కనబడేలోపే జాయింటు పాడవడం మీటరుకు తెలుస్తుంది. ఓం రేంజిలో కొలిస్తే ఏమీ తేలదు, ఇంత చిన్న నిరోధం చేతి మీటరుకు అందదు. లోడు నడుస్తుండగా జాయింటుకు అటూ ఇటూ వోల్టేజీ కొలవండి. మీటరును డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ కొమ్ము మీద, రెండోది తీగ లగ్గు మీద ఆనించండి. కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, లైట్లు, టీవీ నడిపించి చూస్తే సరిపోతుంది.

మా ఇన్వర్టర్‌లో ప్లస్ కొమ్ము దగ్గర ఒకసారి 400 మిల్లీవోల్టులు చూపించింది. అప్పుడు తీగలో సుమారు 30 ఆంపియర్లు పోతున్నాయి. రెండింటినీ గుణిస్తే 12 వాట్లు, అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి ఆ బోల్టు దగ్గరే పుడుతోంది. కొత్త బ్యాటరీ కొనాలని ఇంట్లో అప్పటికే మాట్లాడుకుంటున్నాం. విప్పి, సోడాతో కడిగి, ఇనుప బోల్టు తీసేసి కొత్తది వేసి బిగించాక అదే లోడుకు 15 మిల్లీవోల్టులు.

వానలకు ముందు మేలో ఒకసారి, వానలు వెళ్లాక నవంబర్‌లో ఒకసారి కొలుస్తున్నాను. అంకెలు ఇన్వర్టర్ ట్రాలీ లోపలి వైపు మార్కర్‌తో రాస్తాను: మేలో 15 మిల్లీవోల్టులు, నవంబర్‌లో 19, మళ్లీ మేలో 18, నవంబర్‌లో 22. ఈ లోడుకు 50 దాటిన రోజు విప్పాలని పక్కనే ఎర్ర గీత గీసి పెట్టాను. డాబా మీద ఫ్రేములో ఆ పాత గుంట అలాగే ఉంది. అరచేయంత దూరంలో కొత్త లగ్గు, చుట్టూ బూడిద రంగు పేస్టు. పోయిన నవంబర్‌లో మా కుర్రాడు ఆ పేస్టు మురికనుకుని తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.